ఉల్లేఖనముల లెక్క, పరిశోధకుని విలువ: ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

ఒక శాస్త్రజ్ఞుడు ఎంత పరిశోధన చేశాడు? అది ఎంతమందికి ఉపయోగపడింది? ఎవరెవరితో కలిసి దానిని చేశాడు? ఈ మూడు ప్రశ్నలకు నేటి విద్యాలోకము ఎక్కువగా అంకెలతోనే సమాధానము చెబుతున్నది. ఉద్యోగ నియామకము, పదోన్నతి, పరిశోధనకు ఇచ్చే నిధులు, చివరకు ఒక విశ్వవిద్యాలయమునకు వచ్చే ర్యాంకు కూడా ఈ అంకెలను చూసి నిర్ణయమవుతున్నాయి.

ఇది విజ్ఞానశాస్త్రమునకు సంబంధించిన సంగతి, సంఘకాపరులకు దీనితో పనేమిటి అని కొందరు అడగవచ్చు. మన సంఘములలో పి.హెచ్.డి. చేస్తున్న యువతీయువకులున్నారు, కళాశాల అధ్యాపకులున్నారు. పేపర్ల సంఖ్య చాలక ఉద్యోగము ఆగిపోయినవారు మన దగ్గరకు వచ్చి తమ భారము చెప్పుకుంటారు. సెమినరీ విద్యార్థులు రేపు అధ్యాపకులై ఇతరుల పరిశోధనపై తీర్పు చెప్పవలసినవారు. గనుక ఈ లెక్క ఎలా కడతారో, అది ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో తెలుసుకొనుట అవసరము. ఈ వ్యాసములో మొదట కొలమానములను వివరించి, తరువాత మన తెలుగువాడైన ఎల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనా జీవితమును వాటి ప్రక్కన పెట్టి పరిశీలించెదము.

1. లెక్క ఎలా మొదలైంది?

ఒక పరిశోధకుడు తన వ్యాసములో పూర్వపు వ్యాసమును పేర్కొని, ఫలానా సంగతి అక్కడ నుండి తీసుకున్నానని చెప్పడమే ఉల్లేఖనము. దీనినే సైటేషన్ అంటారు. వ్యాసము చివరనుండే గ్రంథసూచి ఎప్పుడూ వెనుకకే చూస్తుంది. ఈ రచయిత ఎవరిని చదివాడో చెబుతుంది. ఈ రచయితను ఆ తరువాత ఎవరు చదివారో అది చెప్పలేదు. బైబిలు పుటల అంచున ఉండే రిఫరెన్సులతో పనిచేసేవారికి ఈ తేడా సులభముగా అర్థమవుతుంది. పాత నిబంధనలోని ఒక మాట క్రొత్త నిబంధనలో ఎక్కడెక్కడ ఎత్తి చెప్పబడిందో వెదకాలంటే మనము ముందుకు చూడాలి. ఉల్లేఖన సూచిక చేసే పని అదే.

ఈ పద్ధతి మొదట న్యాయవాదుల మధ్య ప్రబలింది. 1873లో అమెరికాలో ఫ్రాంక్ షెపర్డ్ అనే వ్యక్తి, ఒక పాత తీర్పును తరువాతి న్యాయస్థానములు ఎక్కడ సమర్థించాయో, ఎక్కడ కొట్టివేశాయో చూపే సూచికను ప్రారంభించాడు. ఆ పద్ధతిని గమనించిన యూజీన్ గార్‌ఫీల్డ్, విజ్ఞానశాస్త్రమునకు కూడా అలాంటి సూచిక కావాలని 1955లో ‘సైన్స్’ పత్రికలో ప్రతిపాదించాడు. ఆయన ఫిలడెల్ఫియాలో నెలకొల్పిన సంస్థ 1960వ దశకము ప్రథమార్ధములో ‘సైన్స్ సైటేషన్ ఇండెక్స్’ను ప్రచురించసాగింది. 2004లో స్కోపస్, గూగుల్ స్కాలర్ అనే మరి రెండు సాధనములు వచ్చాయి. గార్‌ఫీల్డ్ 2017లో మరణించాడు.

గార్‌ఫీల్డ్ తొలి ఉద్దేశము మనుషులకు మార్కులు వేయడము కాదని గుర్తుంచుకోవాలి. ఒక పాత వ్యాసము చేతబట్టుకొని, ఆ అంశముపై తరువాత జరిగిన పనిని వెదికి పట్టుకొనుటకు ఆయన ఆ సూచికను తలపెట్టాడు. వెదకుటకు చేసిన సాధనము క్రమముగా తూచే త్రాసుగా మారింది.

2. ముఖ్యమైన మూడు కొలమానములు

మొదటిది, మొత్తము ఉల్లేఖనముల సంఖ్య. ఒకరి వ్యాసములన్నిటిని ఇతరులు ఎన్నిసార్లు పేర్కొన్నారో కూడితే వచ్చేదే ఈ అంకె.

రెండవది, హెచ్-సూచిక. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో భౌతికశాస్త్ర ఆచార్యుడైన జార్జ్ హిర్ష్ 2005లో దీనిని ప్రతిపాదించాడు. ఒక ఉదాహరణ చూద్దాము. ఒక పరిశోధకునికి ఆరు వ్యాసములున్నాయి. వాటికి వచ్చిన ఉల్లేఖనములు వరుసగా 40, 12, 7, 5, 4, 1. కనీసము 4 ఉల్లేఖనములున్న వ్యాసములు నాలుగు దొరుకుతున్నాయి, కాని కనీసము 5 ఉన్నవి ఐదు దొరకవు. కాబట్టి ఆయన హెచ్-సూచిక 4. మరొకరికి నాలుగే వ్యాసములు, ఒక్కొక్కదానికి 5 ఉల్లేఖనములు. ఆయన సూచికయు 4. మొదటివాని మొత్తము 69, రెండవవాని మొత్తము 20. అయినను సూచిక ఒక్కటే. ఇక ఒకే ఒక్క వ్యాసము వ్రాసి, దానికి ఇరవై వేల ఉల్లేఖనములు పొందినవాని సూచిక 1 దాటదు. పైగా ఈ అంకె ఎప్పుడూ తగ్గదు. పరిశోధకుడు పని మానివేసినను, మరణించినను పెరగవచ్చు. గనుక వయస్సులో పెద్దవారిని, అప్పుడే మొదలుపెట్టినవారిని దీనితో పోల్చుట న్యాయము కాదు.

మూడవది, ఇంపాక్ట్ ఫ్యాక్టర్. ఇది మనిషిని కాక పత్రికను కొలుస్తుంది. ఒక పత్రిక 2022, 2023 సంవత్సరములలో కలిపి 100 వ్యాసములు ప్రచురించిందనుకుందాము. 2024లో వాటికి 250 ఉల్లేఖనములు వస్తే ఆ పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2.5. అయితే ఈ సగటు అన్ని వ్యాసములకు సమానముగా వర్తించదు. నార్వేకు చెందిన పెర్ సెగ్లెన్ 1997లో చూపినట్లు, ఎక్కువ ఉల్లేఖనములు పొందిన 15 శాతము వ్యాసములకే మొత్తములో సగము ఉల్లేఖనములు వెళుతున్నాయి. పెద్ద పత్రికలో అచ్చయినంత మాత్రాన ఒక వ్యాసము గొప్పదని చెప్పుట, పెద్ద సంఘములో సభ్యుడు గనుక ఇతడు మంచివాడని చెప్పుట వంటిది.

3. ఉల్లేఖనము ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు?

ఉల్లేఖనము ఒక సంగతిని నిజముగానే చెబుతుంది: ఈ వ్యాసమును మరొకరు ప్రస్తావించారు. ఎందుకు ప్రస్తావించారో అంకె చెప్పదు. నాలుగు దృష్టాంతములు దీనిని స్పష్టపరుస్తాయి.

(అ) ‘నేచర్’ పత్రిక 2014లో అత్యధిక ఉల్లేఖనములు పొందిన నూరు వ్యాసముల పట్టికను ప్రచురించింది. మొదటి స్థానములో ఉన్నది 1951లో ఆలివర్ లౌరీ బృందము వ్రాసిన వ్యాసము. అప్పటికి దానికి మూడు లక్షలకు పైగా ఉల్లేఖనములు వచ్చాయి. అందులో ఉన్నది ఒక ద్రావణములో ప్రోటీను ఎంత ఉందో కొలిచే పద్ధతి. ప్రతి ప్రయోగశాల దానిని వాడింది గనుక ప్రతివారూ పేర్కొన్నారు. అది తన గొప్ప వ్యాసమేమీ కాదని లౌరీయే ఒప్పుకున్నాడు. ఎక్కువ మంది వాడినది, ఎక్కువ లోతైనది ఒకటే కానవసరము లేదు.

(ఆ) 1998లో ‘లాన్సెట్’ పత్రికలో ఆండ్రూ వేక్‌ఫీల్డ్, ఒక టీకాకు ఆటిజముతో సంబంధమున్నట్లు సూచించే వ్యాసము ప్రచురించాడు. ఆ పత్రిక 2010లో దానిని ఉపసంహరించుకున్నది. ఆ వ్యాసమునకు వెయ్యికి పైగా ఉల్లేఖనములున్నాయి, అయితే వాటిలో అధికభాగము దానిని ఖండించినవే. మెచ్చుకోలునూ ఖండననూ అంకె ఒకే గంపలో వేస్తుంది.

(ఇ) అగస్టీనియన్ మఠ సభ్యుడైన గ్రెగోర్ మెండెల్ బఠాణీ మొక్కలపై చేసిన పరిశోధన 1866లో అచ్చయింది. వంశపారంపర్య నియమములకు అదే పునాది. అయితే 1900లో మరి ముగ్గురు శాస్త్రజ్ఞులు అదే సంగతిని కనుగొనేవరకు దానిని పట్టించుకున్నవారు బహు కొద్దిమంది. మెండెల్ 1884లోనే మరణించాడు. ఆయన బ్రతికియున్నప్పుడు హెచ్-సూచిక ఉండి ఉంటే, అది ఆయనను గూర్చి ఏమీ చెప్పి ఉండేది కాదు.

(ఈ) తెలుగు కుటుంబములో జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన సి.ఆర్. రావు 1945లో కలకత్తా గణితశాస్త్ర సంఘపు పత్రికలో ఒక వ్యాసము వ్రాశాడు. సాంఖ్యక శాస్త్రములో క్రామర్-రావు హద్దు, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతము అనేవి దానిలోనుండే వచ్చాయి. నేడు అవి పాఠ్యపుస్తకములలో కలిసిపోయాయి. వాటిని వాడేవారు ఆయన పేరు పలుకుతారే గాని, ఆ వ్యాసమును గ్రంథసూచిలో చేర్చవలసిన అవసరము ఎరుగరు. పని ఎంత బాగా ఇంకిపోతే ఉల్లేఖనము అంతగా కనుమరుగవుతుంది. ఆయనకు 2023లో అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమానము లభించింది. ఆ సంవత్సరమే మరణించాడు.

4. సహకార పరిశోధన: ఎల్లాప్రగడ సుబ్బారావు ఉదాహరణ

కలిసి చేసిన పనిలో ఎవరి భాగమెంత అన్నది మరింత కష్టమైన ప్రశ్న. హంగరీ గణితజ్ఞుడు పాల్ ఎర్డోష్ దాదాపు 1,500 వ్యాసములు, ఐదువందల మందికి పైగా సహరచయితలతో వ్రాశాడు. 2015లో హిగ్స్ కణపు ద్రవ్యరాశిపై వచ్చిన ఒక భౌతికశాస్త్ర వ్యాసమునకు 5,154 మంది రచయితలు. దాని 33 పేజీలలో అధికభాగము వారి పేర్లకు, సంస్థల పేర్లకే సరిపోయింది. ఒక్కొక్కరికి ఒక వ్యాసము పూర్తిగా లెక్కవేయాలా, ఐదువేలవ వంతు వేయాలా? రెండు విధములుగాను లెక్కించేవారున్నారు. ఏ విధముగా చూచినా నిజముగా ఎవరు ఏమి చేశారో తెలియదు.

సుబ్బారావు జీవితములో ఈ చిక్కు స్పష్టముగా కనబడుతుంది. ఆయన 1895లో భీమవరములో జన్మించాడు. మద్రాసులో వైద్యము చదివి 1922లో బోస్టన్ చేరాడు. హార్వర్డులో సైరస్ ఫిస్కే వద్ద పనిచేస్తూ, రక్తములోను కణజాలములోను భాస్వరమును రంగు ద్వారా కొలిచే పద్ధతిని రూపొందించాడు. 1925లో ఫిస్కే, సుబ్బారావు పేర్లతో వచ్చిన ఆ వ్యాసము జీవరసాయన శాస్త్రములో అత్యధికముగా ఉల్లేఖింపబడిన వాటిలో ఒకటి. తరువాత వారిద్దరు ఫాస్ఫోక్రియాటిన్‌ను, జీవకణములకు శక్తినిచ్చే ఏ.టి.పి.ని గూర్చి ప్రకటించారు. 1929లో ఏ.టి.పి.ని జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా స్వతంత్రముగా కనుగొన్నాడు.

ఇక్కడ ఒక సాంకేతికమైన సంగతి గమనార్హము. గార్‌ఫీల్డ్ ముద్రించిన సూచికలో ఉల్లేఖింపబడిన వ్యాసములను మొదటి రచయిత పేరు క్రింద మాత్రమే అమర్చేవారు. అనగా 1925 నాటి వ్యాసమునకు వచ్చిన వేలాది ఉల్లేఖనములు ఫిస్కే పేరు క్రిందనే ఉంటాయి. సుబ్బారావు పేరు తెరచి చూస్తే అవి కనబడవు.

హార్వర్డులో స్థిరమైన ఆచార్య పదవి లభించక, సుబ్బారావు 1940లో న్యూయార్కు రాష్ట్రములోని లెడర్లే ప్రయోగశాలలకు వెళ్లి పరిశోధనకు నాయకత్వము వహించాడు. అక్కడ ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేశారు. 1945లో దానిని ప్రకటించిన వ్యాసమునకు పదిమందికి పైగా రచయితలు. మొదటి పేరు యాంజియర్‌ది, సుబ్బారావు పేరు మధ్యలో ఉంది. ఆ పని నుండే అమినోప్టెరిన్ అనే మందు వచ్చింది. దానితో చిన్నపిల్లల రక్త క్యాన్సరును తాత్కాలికముగా తగ్గించగలిగామని సిడ్నీ ఫార్బర్ బృందము 1948లో ప్రకటించింది. ఆ వ్యాస రచయితలలో సుబ్బారావు లేడు. ఆయన ఆ సంవత్సరమే ఆగస్టులో మరణించాడు.

మరొక మందును గూర్చి మన ప్రాంతపు సేవకులు ప్రత్యేకముగా తెలుసుకోవాలి. బోదకాలు వ్యాధికి వాడే డి.ఇ.సి. మాత్ర లెడర్లేలో సుబ్బారావు నాయకత్వములో జరిగిన పరిశోధన ఫలము. 1947 నాటి ఆ వ్యాసములో మొదటి పేరు హ్యూవిట్‌ది. ఆ వ్యాధి బహుకాలముగా పీడించిన గోదావరి జిల్లాలలో, ఆరోగ్య సిబ్బంది ఇంటింటికి తిరిగి మ్రింగించిన మాత్ర అదే. భీమవరము వీధులలో ఆ మాత్ర వేసుకున్నవారు ఏ పత్రికలోను ఉల్లేఖనము వ్రాయరు. కాలు వాయకుండా ఒక కూలిమనిషి పొలమునకు వెళ్లగలిగితే, అది ఏ సూచికలోను ఒక అంకెను పెంచదు.

5. మత్తయి ప్రభావము

పేరున్నవారికే ఎందుకు ఇంకా పేరు వస్తుందన్న ప్రశ్నను అమెరికా సామాజికశాస్త్రజ్ఞుడు రాబర్ట్ మెర్టన్ 1968లో పరిశీలించాడు. ఇద్దరు కలిసి చేసిన పనిలోను, ఇద్దరు వేర్వేరుగా కనుగొన్న సంగతిలోను, అప్పటికే ప్రసిద్ధుడైనవానికే ఘనత చేరుతుందని ఆయన చూపాడు. ఈ ధోరణికి ఆయన పెట్టిన పేరు ‘మత్తయి ప్రభావము’. మత్తయి సువార్త 25వ అధ్యాయములోని తలాంతుల ఉపమానములో, కలిగినవానిని గూర్చియు లేనివానిని గూర్చియు చెప్పబడిన మాటనుండి ఆ పేరు తీసుకున్నాడు. మెర్టన్ ఆ వాక్యమునకు వ్యాఖ్యానము వ్రాయలేదు. లోకములో కనబడే ఒక అసమానతకు పేరుగా మాత్రమే వాడాడు. బోధించేటప్పుడు ఈ తేడాను మనము మరువరాదు.

ఆ వ్యాసమునకే ఆ ప్రభావము తగిలింది. అందులోని ఆధారము చాలామట్టుకు నోబెల్ గ్రహీతలతో హారియెట్ జుకర్‌మన్ జరిపిన సంభాషణలనుండి వచ్చినది. అయితే రచయితగా మెర్టన్ పేరు మాత్రమే ఉంది. అది ఇద్దరి పేర్లతో రావలసిన వ్యాసమని ఆయనే తరువాత ఒప్పుకున్నాడు. 1993లో మార్గరెట్ రోసిటర్ ఈ సంగతిని ఎత్తి చూపుతూ, స్త్రీల పరిశోధనకు రావలసిన ఘనత పురుషులకు చేరుటకు ‘మెటిల్డా ప్రభావము’ అని పేరు పెట్టింది.

ఈ లోపమును సరిచేయుటకు కొన్ని మంచి ప్రయత్నములు జరిగాయి. ప్రతి రచయిత ఏ పని చేశాడో 14 విధములుగా విభజించి వ్యాసములోనే తెలిపే పద్ధతిని అనేక పత్రికలు అవలంబిస్తున్నాయి. 2012లో ఆర్కిడ్ అనే పదహారు అంకెల గుర్తింపు వచ్చింది. తెలుగువారికి ఇది ఎంతో మేలు. మన ఇంటిపేరు కొందరు ముందు, కొందరు వెనుక వ్రాస్తారు. కొందరు పొడి అక్షరములకే పరిమితము చేస్తారు. సుబ్బారావు పేరే ఇంగ్లీషులో పలు విధములుగా అచ్చయింది. మన సంఘములలో ఒకే పేరుగల జాన్‌లు, డేవిడ్‌లు ఎందరో! పరిశోధన మొదలుపెట్టే ప్రతి విద్యార్థి ఉచితముగా దొరికే ఈ గుర్తింపును మొదటి వ్యాసమునకు ముందే తీసుకొనుట మంచిది.

6. లెక్కయే గురి అయినప్పుడు

ఒక కొలతను సాధించవలసిన గురిగా పెడితే, అది కొలతగా పనికిరాకుండా పోతుంది. ఆర్థికశాస్త్రజ్ఞుడు చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో చేసిన పరిశీలన నుండి ఈ సూత్రము ప్రచారములోనికి వచ్చింది. ఉల్లేఖనములను లెక్కిస్తారని తెలియగానే కొందరు తమ వ్యాసములను తామే పదేపదే పేర్కొంటారు. కొందరు ఒకరినొకరు పేర్కొనేలా ఒప్పందము చేసుకుంటారు. మరికొందరు ఒక వ్యాసమును మూడు ముక్కలు చేసి ప్రచురిస్తారు.

మన దేశములో యు.జి.సి. 2010లో అధ్యాపకుల పనికి అంకెల రూపములో పాయింట్లు ప్రవేశపెట్టింది. పాయింట్ల కొరకు పరుగు మొదలైన చోట, డబ్బు తీసుకొని ఏది పడితే అది అచ్చువేసే పత్రికలకు గిరాకీ పెరిగింది. హైదరాబాదు కేంద్రముగా పనిచేసిన ఓమిక్స్ సంస్థ, వ్యాసములను సరిగా పరిశీలిస్తున్నామని రచయితలను మోసగించినందుకు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని అమెరికా న్యాయస్థానము 2019లో ఆదేశించింది. మంచి పత్రికలను గుర్తించుటకు యు.జి.సి. 2018లో ప్రకటించిన కేర్ జాబితాను 2025లో నిలిపివేసింది. పి.హెచ్.డి. సమర్పించుటకు ముందు వ్యాసము అచ్చు కావాలనే నిబంధనను 2022లోనే తొలగించింది. ఇప్పుడు పత్రిక మంచిదో కాదో నిర్ణయించే బాధ్యత ఎక్కువగా విద్యాసంస్థలపైన, పరిశోధకునిపైన పడింది.

ప్రపంచ స్థాయిలోను ఆలోచన మారుతున్నది. 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో సమావేశమైనవారు రూపొందించిన ప్రకటన, పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టరును బట్టి వ్యక్తిని అంచనా వేయవద్దని కోరింది. 2015 నాటి లైడెన్ ప్రణాళిక పది సూత్రములను చెప్పింది. స్థానిక ప్రజలకు, స్థానిక భాషలకు సంబంధించిన పరిశోధనను కాపాడాలన్నది వాటిలో ఒకటి. హెచ్-సూచికను కనుగొన్న హిర్షే 2020లో దాని దుష్ఫలితములను గూర్చి హెచ్చరించాడు.

7. సెమినరీలకు, సేవకులకు కొన్ని సూచనలు

ఈ పెద్ద డేటాబేసులలో ఉన్నవి ప్రధానముగా ఇంగ్లీషు పత్రికలు. తెలుగులో వ్రాసిన వేదాంత వ్యాసము పల్లె సంఘములలో ఎందరు కాపరులకు ఉపయోగపడినను వాటి దృష్టిలో దాని విలువ సున్న. అంకెలనే నమ్మితే మన విద్యార్థులు తెలుగులో వ్రాయుట మానివేస్తారు. ఆ నష్టము సంఘమునకే. గనుక ఒకరి పరిశోధనను అంచనా వేయవలసి వచ్చినప్పుడు ఈ క్రింది ప్రశ్నలు అడగవచ్చును.

(1) ఈ వ్యక్తి వ్రాసిన వాటిలో కనీసము రెండు వ్యాసములను మనము స్వయముగా చదివామా?
(2) కలిసి చేసిన పనిలో ఇతని భాగము ఏమిటో ఇతనిని, సహరచయితలను అడిగామా?
(3) ఉల్లేఖించినవారు ఏమని వ్రాశారో కొన్నిటినైనా తెరచి చూశామా?
(4) ఒకే శాస్త్రములో, ఒకే వయస్సులో ఉన్నవారితోనే పోల్చుచున్నామా? జీవశాస్త్రములో ఉల్లేఖనములు విస్తారము. గణితములోను వేదాంతములోను తక్కువ.
(5) ఈ పనివలన మేలు పొందినవారు పత్రికల బయట ఎవరైనా ఉన్నారా?

ఈ ప్రశ్నలకు సమయము పడుతుంది. అంకె చూచుటకు ఒక్క నిమిషము చాలు. రెండు వ్యాసములు చదువుటకు రెండు రోజులు పట్టవచ్చు. అయినను ఒక యౌవనస్థుని జీవనోపాధి మన తీర్పుపై ఆధారపడినప్పుడు ఆ రెండు రోజులు ఎక్కువ కాదు.

ముగింపు

ఉల్లేఖనముల లెక్కను తృణీకరించవలసిన పని లేదు. సిఫారసుతో వచ్చినవానిని, పని చేసి వచ్చినవానిని వేరుచేయుటకు అది కొంతవరకు తోడ్పడుతుంది. ఎవరికీ తెలియని చిన్న కళాశాల అధ్యాపకుని పనికి దూరదేశములో పాఠకులున్నారని చూపుతుంది. దానిని సాక్షిగా పిలువవచ్చు; న్యాయాధిపతి పీఠముపై కూర్చుండబెట్టరాదు. ఫిస్కే పేరు క్రింద దాగిన సుబ్బారావును కనుగొనాలంటే ఎవరో ఒకరు ఆ వ్యాసమును తెరచి, రెండవ పేరును కూడా చదవాలి. నియామక సంఘములో కూర్చున్న ప్రతి ఒక్కరూ, సిద్ధాంత గ్రంథమును దిద్దే ప్రతి అధ్యాపకుడూ చేయగలిగిన పని అది.